ఎవరికి ఏం తెలియదో చూసి కథ చెప్పండి

ఒకటి రెండు కథలు రాసి, వాటిని ఎవరికైనా చదవడానికి ఇచ్చి, "బాగుంది గానీ అన్నీ మీరే చెప్పేశారు" అన్న మాట విని ఏం చేయాలో తోచక ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆ చిక్కు చాలాసార్లు భాషలో ఉండదు. కథ ఎవరి కంటితో నడుస్తుందో తేల్చుకోకుండా రాయడంలో ఉంటుంది. అందరి మనసుల్లోకీ దూరి అందరి బాధా చెప్పేస్తే చదివేవాళ్ళకు ఊహించుకోవడానికి ఏమీ మిగలదు. వాళ్ళు చదువుతారు, జాలిపడతారు, మర్చిపోతారు. మన పాలమూరు, నల్లగొండ జీవితం మీద వచ్చే కథలకు అలా కావడం నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఉదాహరణలన్నీ ఇక్కడివే తీసుకుంటున్నాను: కూలికి వలసపోవడం, ఫ్లోరైడ్ నీళ్ళు, డ్యాం కింద మునిగిన ఊళ్ళు.

ముందు సంఘటనను పొడిగా రాసుకోండి

ఐదారు వాక్యాలు చాలు. వర్ణన వద్దు, ఎవరి మనసులోకీ వెళ్ళొద్దు. ఇలా:

మక్తల్ దగ్గర ఒక ఊరు. దసరా దాటింది. రాత్రి, కూలీలను పోగుచేసి పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఇంటికి వచ్చి అడ్వాన్సు ఇచ్చాడు. తెల్లవారకముందే మొగుడూ పెళ్ళాం బొంబాయి బస్సు ఎక్కారు. ఏడేళ్ళ కొడుకును అవ్వ దగ్గర వదిలారు. వాడు లేచేసరికి వాళ్ళు లేరు.

ఇప్పుడు ఆ రాత్రి ఆ ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరూ రాసి, పక్కన వాళ్ళకు తెలియనిది రాయండి. తెలిసినది కాదు, తెలియనిది. మేస్త్రీకి ఆ పిల్లవాడి పేరు తెలియదు. తండ్రికి తన పెళ్ళాం ఏం దాచుకుని మూటలో పెట్టిందో తెలియదు. తల్లికి అడ్వాన్సు మొత్తం ఎంతో తెలియదు, మొగుడు చెప్పిన లెక్కే తెలుసు. అవ్వకు దాదాపు అన్నీ తెలుసు, ఎందుకంటే ఆమె కూడా ఒకప్పుడు అలాగే పోయి వచ్చింది. పిల్లవాడికి ఏమీ తెలియదు, కానీ మెలకువగా ఉన్నాడు.

ఈ పట్టిక రాయకుండా కథ మొదలుపెట్టకండి. కథకుణ్ణి ఎంచుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన దారి నాకు కనిపించలేదు. ఒక మనిషికి తెలియని చోటే చదివేవాళ్ళు లోపలికి వస్తారు. ఆ చోటు ఎక్కడ ఉంటే మీ కథకు బలం వస్తుందో చూసి మనిషిని ఎంచుకోవాలి.

ఒకే రాత్రిని ఇద్దరి వైపు నుంచి రాసి చూడండి

పట్టికలోంచి ఇద్దరిని తీసుకుని అదే రాత్రిని రెండుసార్లు రాయండి. సగం పేజీ చాలు. పిల్లవాడి వైపు నుంచి ఇలా ఉండొచ్చు:

"మేస్త్రీ ఒచ్చినప్పుడు నాయిన మంచం మీదికెల్లి లేచి నిలబడ్డడు. మా ఇంట్ల నాయిన ఎవ్వరికీ లేచి నిలబడడు. మేస్త్రీ చేతిల కాగితం ఉండె. అవ్వ నన్ను దగ్గరికి గుంజుకుని, పండుకో పండుకో అన్నది. అమ్మ దీపం కాడ నా అంగీకి గుండీ కుడుతున్నది. ఆ గుండీ ఊడి శాన దినాలాయె. పొద్దుగాల చూస్తె రెండు అంగీలకు, మూడు లాగులకు, అన్నిటికీ గుండీలు ఉన్నయి."

ఇందులో తల్లి ఏడ్చిందని లేదు. బిడ్డ మీద ప్రేమ అన్న మాట లేదు. అన్ని గుండీలూ ఒకే రాత్రి ఎందుకు కుట్టిందో పిల్లవాడికి అర్థం కాదు. మనకు అర్థమవుతుంది. వాడు గుండీలు లెక్కపెడుతున్నప్పుడు మనం నెలలు లెక్కపెడతాం. నాయిన లేచి నిలబడటం కూడా అంతే. అప్పు గురించి ఒక్క ముక్క చెప్పకుండానే అప్పు వచ్చేసింది.

ఇప్పుడు అవ్వ వైపు నుంచి:

"సాయమ్మ గడప మీద కూర్చుంది. కొడుకు బట్టల మూట రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టాడు. ముడి గట్టిగా వేయడం వాడికి చిన్నప్పటి నుంచీ రాదు. లేచి తనే వేద్దామనుకుంది. లేవలేదు. మట్టి పని కాదు పెద్దమ్మా, సెంట్రింగ్ పని, పైసలు ఎక్కువ అన్నాడు మేస్త్రీ. ఎంత ఎత్తు అని ఆమె అడగలేదు."

సాయమ్మ మొగుడు డ్యాం పనిలో పైనుంచి పడి చనిపోయాడని నేను పట్టికలో రాసుకున్నాను. కథలో రాయలేదు. కానీ ఆమె మనసులోంచి చెబుతూ ఆ సంగతి పూర్తిగా దాచిపెట్టి చివరి పేజీలో బయటపెడితే అది మోసం. ఒక మనిషి మనసులో కూర్చున్నప్పుడు ఆ మనిషి ఆ క్షణంలో తప్పకుండా తలచుకునేదాన్ని దాచకూడదు. దాన్ని తాకి వదిలేయాలి. మనుషులు తమకు తెలిసిన సంగతిని తమకు తామే వివరించుకోరు గదా. ఎత్తు ఎంతో అడగకపోవడమే ఆమె తలపు. చదివేవాళ్ళకు అక్కడ ఒక చిన్న ఉలికిపాటు కలిగితే చాలు.

రెండూ రాశాక పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లవాడి కథలో చదివేవాళ్ళు కథకుడి కంటే ఎక్కువ తెలిసినవాళ్ళు. అవ్వ కథలో తక్కువ తెలిసినవాళ్ళు, వెతుక్కుంటూ వెంట నడుస్తారు. ఊహ రెండు చోట్లా పనిచేస్తుంది, కానీ వేరు వేరు దిక్కుల్లో. మీకు ఏది కావాలో అప్పుడు తెలుస్తుంది.

ఒక మాట. వలస కథ అనగానే పిల్లవాడి చేత చెప్పించడం మనకు అలవాటైపోయింది. జాలి తేలిగ్గా పుడుతుంది కాబట్టి. ఎంచుకునే ముందు మేస్త్రీ వైపు నుంచి కూడా ఒక పేరా రాయమని గట్టిగా చెబుతాను. మన కథల్లో అతడు ఎప్పుడూ చెడ్డవాడే. కానీ గుంపు మేస్త్రీ కూడా చాలాసార్లు అదే ఊరివాడు, కాంట్రాక్టరు దగ్గర అడ్వాన్సు తెచ్చుకుని మనుషులను లెక్క చూపించాల్సినవాడు. "పద్నాలుగు మంది అయ్యారు, ఇంకా ఆరుగురు కావాలి" అనుకుంటూ ఆ గడప తొక్కే మనిషికి ఆ ఇంట్లో ఏం కనిపిస్తుంది? ఎవరి చేతులు బలంగా ఉన్నాయో కనిపిస్తుంది. పిల్లవాడు కనిపించడు. ఆ కనిపించకపోవడాన్ని రాస్తే మంచి కథ అవుతుంది.

క్రియల చివర చూసుకోండి

తెలుగులో దృష్టికోణం సగం క్రియల చివరే ఉంటుంది. ఇది మన భాష మనకిచ్చిన పెద్ద వసతి, కానీ చూసుకోకుండా రాస్తే కథకుడి గుట్టు బయటపెట్టేదీ ఇదే.

"మేస్త్రీ ఇంటికి వచ్చాడు" అంటే మనం ఇంట్లో కూర్చుని ఉన్నాం. "మేస్త్రీ ఇంటికి పోయాడు" అంటే బయట, దారిలో నిలబడి చూస్తున్నాం. "మేస్త్రీ వచ్చిండట" అంటే మనం అక్కడ లేనే లేము, ఎవరో చెబితే విన్నాం. మూడు వాక్యాలూ ఒక పేరాలో కలిసిపోతే చదివేవాళ్ళకు నిలబడే చోటు దొరకదు. ఎందుకో చెప్పలేరు గానీ "ఎక్కడో అతకలేదు" అంటారు. మీ పేరాలో వచ్చు, పోవు క్రియలన్నిటి కిందా గీత గీసి, కథకుడు ఎక్కడున్నాడో ఒక్కొక్కటి చూసుకుంటూ పోండి.

"అట"ను ప్రేమగా వాడుకోండి. ఒక మనిషి వైపు నుంచే చెబుతానని ఒట్టు పెట్టుకుని, ఆ మనిషి లేని చోట జరిగినది చెప్పాల్సి వస్తే చాలామంది కంగారుపడి ఒట్టు తీసి గట్టు మీద పెడతారు. అక్కర్లేదు. మన ఊళ్ళో ప్రతి సంగతీ పదిమంది నోళ్ళు దాటే వస్తుంది. "బొంబాయిలో వాళ్ళకు రేకుల షెడ్డు ఇచ్చారట. షెడ్డులో ఫ్యాను కూడా ఉందట." ఇందులో నిజం ఎంత, అవ్వ మనవడికి ధైర్యం కోసం కల్పించి చెప్పింది ఎంత? ఆ లెక్క చదివేవాళ్ళే చూసుకుంటారు.

ఇక గౌరవం. మీ కథ అచ్చుకు వెళ్ళేముందు ఒకసారి ఈ ఒక్క పరీక్ష పెట్టండి. కథకుడు ఎవరిని "వచ్చారు" అంటున్నాడు, ఎవరిని "వచ్చాడు", "వచ్చింది" అంటున్నాడు? పటేలును, సారును, డాక్టరును "ఆయన వచ్చారు" అని, అరవై ఏళ్ళ కూలి ముసలమ్మను "అది", "ముసలిది" అని రాసిన కథలు చూశాను. పాత్ర మాటల్లో అయితే అది ఆ పాత్ర గుణం. కథకుడి మాటల్లో అయితే అది మీ దృష్టికోణం. మీరు కూలీల పక్షాన రాస్తున్నానని అనుకుంటూనే దొర అరుగు మీద కూర్చుని చూస్తున్నారని అర్థం. కథ నడిచేది కొడుకు వైపు నుంచి అయితే "అమ్మ వచ్చింది" అన్నదానిలో ఎంతో దగ్గరితనం ఉంది. అదే తల్లిని ఊరి కరణం వైపు నుంచి "ఆ కూలామె వచ్చింది" అంటే దూరం వచ్చేస్తుంది. పాత్రను పేరుతో పిలవాలా, వరసతో పిలవాలా అన్నది కూడా ఇలాగే తేల్చుకోవాలి. కథ నడిపే మనిషి మనసులో ఎలా పిలుస్తారో కథనమూ అలాగే పిలవాలి. ఏడేళ్ళ పిల్లవాడికి తన తండ్రి పేరు నర్సింహులు అని కథ నడిచేటప్పుడు గుర్తుకు రాదు.

"మేము", "మనం" కూడా చూసుకోండి. "మేము బావి నీళ్ళు తాగేవాళ్ళం" అంటే చదివేవాళ్ళు బయటివాళ్ళు, వింటున్నారు. "మనం తాగిన నీళ్ళు" అంటే వాళ్ళ చేతిలో కూడా ఆ చెంబు పెట్టారు. కథ మధ్యలో ఒక్కసారి మాత్రమే "మేము"ను "మనం"గా మార్చి చూడండి, ఎంత బరువు వస్తుందో తెలుస్తుంది. రెండుసార్లు మారిస్తే ఆ బరువు పోతుంది.

మన యాస గురించి అడుగుతారు కాబట్టి క్లుప్తంగా: "నేను" అని చెప్పే కథలో కథనం మొత్తం ఆ మనిషి మాటలోనే ఉండాలి. మక్తల్ పిల్లవాడు సంభాషణలో "ఒచ్చిండు" అని, కథనంలో "విచ్చేశాడు" అంటే ఇద్దరు మనుషులైపోతారు. "ఆమె", "అతడు" అని చెప్పే కథలో కథనం మామూలు రాత భాషలో ఉన్నా ఫరవాలేదు, ఆ మనిషి తలపు దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ళ మాట ఒకటి రెండు జారనివ్వండి. "నువ్వు" అంటూ నడిపే కథలు కూడా ఉన్నాయి. చిన్న కథకు, గట్టి కారణం ఉంటేనే అటు వెళ్ళండి.

ఏ వివరం ఎవరిదో తేల్చండి

సమాచారం సేకరించి రాసేవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ మీద కథ రాద్దామని కూర్చున్నారనుకోండి. మీ దగ్గర వివరాలు చాలా ఉంటాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పళ్ళు ఏర్పడే చిన్న వయసులో అలాంటి నీళ్ళు తాగితే పళ్ళ మీద గోధుమ రంగు చారలు వస్తాయి, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు దెబ్బతింటాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. దానికి పేరే నల్లగొండ పద్ధతి.

ఇవన్నీ నిజాలే. కానీ ప్రతి నిజానికీ ఒక మనిషి ఉంటారు. 1.5 అన్న అంకె నీళ్ళ శాంపిల్ పట్టుకుని వచ్చిన ఇంజినీరుది. అతడి వైపు నుంచి కథ చెబితే ఆ అంకె కళ్ళముందు మెరవాలి, సీసా మీద రాసిన నంబరు చూసి ఆ ఊళ్ళో టీ తాగాలా వద్దా అని అతడు తటపటాయించాలి. పళ్ళ చారలు బడి పంతులువి, తరగతిలో పిల్లలు నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వడం రోజూ చూసేది ఆయనే. ఫ్లోరోసిస్‌తో కాళ్ళు వంగిన అమ్మాయి తనే కథ చెబుతుంటే మాత్రం "నా కాళ్ళు వంకరగా ఉన్నాయి" అని వర్ణించదు. అది బయటినుంచి కారులో వచ్చి చూసి వెళ్ళేవాళ్ళ వాక్యం. ఆమెకు కనిపించేది వేరు:

"కుళాయి దాకా పోయే దారిలో కూర్చోవడానికి మూడు చోట్లున్నాయి. పోచమ్మ గుడి అరుగు, పంచాయతీ ముందు బల్ల, మూసేసిన పాత బోరు దిమ్మె. అన్నిటికంటే నీడ దిమ్మె దగ్గరే ఉంటుంది. దాని మీద నేను కూర్చోను."

మూడు చోట్ల ఎందుకు కూర్చోవాలి? నీడ ఉన్న చోటును ఎందుకు వదిలింది? చదివేవాళ్ళు ఆమె కాళ్ళను, ఆ బోరును, ఆమె కోపాన్ని తామే కట్టుకుంటారు. తాము కట్టుకున్నది కాబట్టి అంత తేలిగ్గా వదలరు. మీ దగ్గరున్న అంకెలన్నిటినీ ఒక కాగితం మీద రాసి, ప్రతి దాని పక్కన "ఇది ఎవరికి తెలుసు?" అని రాయండి. మీ కథకుడికి తెలియనివి పక్కకు పోతాయి. బాధపడకండి. మీకు తెలిసి ఉండటం వల్లనే ఆ అమ్మాయి దిమ్మె మీద కూర్చోకుండా ఉంది.

అప్పటి మనిషా, ఇప్పటి మనిషా

"నేను" అంటూ గతం చెప్పే కథలో ఇద్దరు మనుషులుంటారు. అప్పుడు చూసినవాడు, ఇప్పుడు చెబుతున్నవాడు. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున ఎన్నో ఊళ్ళు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్ళు విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. ఇళ్ళను అలా ఎవరూ విప్పి కట్టలేదు. అలాంటి ఊళ్ళో పుట్టిన మనిషి చేత కథ చెప్పిస్తున్నారనుకోండి:

"ఆఫీసర్లు ఒచ్చి మా గోడ మీద తారుతో నంబరు ఏసిన్రు. మా తమ్ముడు దాని కింద బొగ్గుతో ఇంకో నంబరు ఏసి, రెండూ కూడి చూపించిండు. అమ్మ నవ్వింది. ఎక్కన్నో డ్యాం కడుతున్నరట."

ఇక్కడ ఆగాలి. "అదే మా ఇంటి మీద రాసిన ఆఖరి రాత అని అప్పుడు మాకు తెలియదు" అని పెట్టాలని చేయి లాగుతుంది. పెట్టకండి. నీళ్ళు వస్తాయని, అలా ఊళ్ళు మునిగిన కొల్లాపూర్ వైపు పాఠకులకు తెలుసు, తెలియని పాఠకులకు డ్యాం అన్న మాట చాలు. తమ్ముడు కూడిక చేస్తున్నప్పుడు చదివేవాళ్ళ గుండె బరువెక్కాలంటే అప్పటి మనిషిని అప్పటి తెలియనితనంలోనే ఉండనివ్వాలి. ఇప్పటి మనిషికి మాట్లాడే హక్కు లేదని కాదు. అతడికి అప్పుడు అర్థం కానిది ఇప్పుడు నిజంగా అర్థమై ఉంటే, అది చదివేవాళ్ళు ఊహించలేనిది అయితే మాట్లాడాలి. ఊహించగలిగినదాన్ని మళ్ళీ చెప్పడానికి మాత్రం రాకూడదు.

అన్నీ తెలిసిన కథకుడు కావాలంటే

కొందరు అడుగుతారు, డోలు వాయిస్తూ మల్లన్న దేవుడి కథను ఆడి పాడి వినిపించే మన ఒగ్గు కథ చెప్పేవాళ్ళు అందరి మనసుల్లోకీ వెళ్తారు గదా అని. వెళ్తారు, అద్భుతంగా వెళ్తారు. కానీ ఎలా వెళ్తారో గమనించండి. ప్రధాన కథకుడు మల్లన్నగా మాట్లాడుతూ గొంతు మారుస్తాడు, నడక మారుస్తాడు, భుజం మీది గుడ్డ తలకు చుట్టి ఆడమనిషి అవుతాడు. డోలు ఒక్క దెబ్బతో దృశ్యం మారిందని చెబుతుంది. వంత పాడేవాడు మధ్యలో ప్రశ్న అడిగి మన అనుమానాన్ని తీరుస్తాడు. ఎవరి వైపు నుంచి వింటున్నామో ఒక్క క్షణం కూడా తికమక ఉండదు. కాగితం మీద మనకు డోలు లేదు. అందుకని ఒక దృశ్యానికి ఒకే మనిషి, మనిషి మారితే ఒక వరస ఖాళీ వదిలి, కొత్త దృశ్యం మొదటి వాక్యంలోనే ఎవరి దగ్గర ఉన్నామో తెలిసేలా రాయండి. అంతకుమించి మారాల్సిన అవసరం వస్తే వీలైనప్పుడు ఒగ్గు కథ ఒకటి రాత్రంతా కూర్చుని వినండి, మార్పు ఎక్కడ ఎలా జరుగుతుందో రాసుకోండి. ఏ పాఠమూ అంత బాగా నేర్పదు.

చివరి పని: చదివి వినిపించి, అడగండి

ముందు మీరే దిద్దుకోండి. కథ నడిపే మనిషి చూడలేనిది, వినలేనిది, తెలుసుకోలేనిది ఏ వాక్యంలో ఉందో ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. "ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి" అని ఆమె వైపు నుంచే రాస్తే అది తప్పు, ఆమెకు కళ్ళు మండుతాయి, ఎరుపు ఎదుటివాళ్ళకు కనిపిస్తుంది. "తనకు తెలియకుండానే నవ్వాడు" అన్నదీ అంతే. తెలియకపోతే మనకెవరు చెప్పారు?

తర్వాత కథను ఒకరికి చదివి వినిపించండి. ఆ ఊరు తెలిసినవాళ్ళు ఒకరు, తెలియనివాళ్ళు ఒకరు ఉంటే ఇంకా మంచిది. బాగుందా అని అడగకండి. "ఆ ఇల్లు ఎలా ఉంది? దీపం ఎక్కడుంది? మేస్త్రీ ఎలాంటి మనిషి? వాళ్ళు ఎప్పుడు తిరిగి వస్తారు?" అని అడగండి. మీరు రాయనివి వాళ్ళు చెబుతారు. పెంకుటిల్లు అని ఒకరు, రేకుల ఇల్లు అని ఇంకొకరు అంటే సంతోషించండి, దిద్దకండి. ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకున్నారు.

దిద్దాల్సింది ఒకటే సందర్భంలో. వాళ్ళు కట్టుకున్నది కథనే పక్కకు తీసుకెళ్తే దిద్దాలి. అమ్మానాన్నలు ఏదో పెళ్ళికి పోయారని ఎవరైనా అనుకుంటే మీరు కావలసినంత ఇవ్వలేదని అర్థం. అప్పుడు చివర్లో వివరణ చేర్చకండి. వెనక్కి వెళ్ళి, మేస్త్రీ ఇంట్లోకి వచ్చిన చోట పిల్లవాడి కంటికి ఆనే వస్తువు ఇంకొకటి పెట్టండి: నాయిన బొటనవేలికి అంటిన సిరా, రాత్రి అవ్వ దానిని తుడిచిన గుడ్డ. పెట్టి మళ్ళీ ఇంకొకరికి వినిపించండి, ఈసారి కథ విననివాళ్ళకు.